గృహిణుల పుట: ఒకే మంచము చెంత రెండు చదువులు

పరీక్షాఫలితములు వెలువడిన దినములలో మన వీధులలో జరుగు ప్రసంగములు మీకు తెలియనివి కావు. ఒక యింటి బాలిక వైద్యకళాశాలలో చేరినదన్న వార్త గడియలో ఊరంతయు వ్యాపించును. మిఠాయిలు పంచిపెట్టుదురు. ప్రక్క యింటి బాలిక నర్సింగు కళాశాలలో చేరినచో "అట్లనా, మంచిదే" యని యొక్క మాటతో సరిపెట్టుదురు. ఆ బాలిక లిద్దరును నిన్నటివఱకు ఒకే బల్లమీద కూర్చుండి చదివినవారే. నాలుగైదేండ్లు గడచిన పిమ్మట ఒకే ఆస్పత్రిలో ఒకే రోగి మంచమునకు అటు నొకరు నిటు నొకరు నిలువవలసినవారే. ఈ నడిమి యేండ్లలో వారిరువురును కలిసి చదువుట యెంత? ఈ మాసమున మీతో ముచ్చటింపదలచినది ఈ ప్రశ్నను గూర్చియే.

మన దేశమున వైద్యవిద్య నాలుగున్నర యేండ్లు. ఆపై నొక యేడు ఆస్పత్రిలో శిక్షణ. నర్సింగు పట్టమునకు నాలుగేండ్లు. ఇరువురును శరీరనిర్మాణమును చదువుదురు. ఇరువురును మందుల గుణములను, క్రిముల స్వభావమును, రోగలక్షణములను చదువుదురు. పాఠములు పెక్కులు సమానమే. తరగతి గదులు మాత్రము వేఱు, గురువులు వేఱు, వసతిగృహములు వేఱు. అందుచేత ఒకరు నేర్చిన దేమో మఱియొకరికి తెలియదు. వైద్యవిద్యార్థి కన్నులకు నర్సనగా వ్రాసిన మందును వేళకు నిచ్చు మనిషి. నర్సింగు విద్యార్థిని కన్నులకు డాక్టరనగా వచ్చి నాలుగు పంక్తులు వ్రాసి పోవు పెద్దమనిషి. ఈ యపరిచయము స్వల్పవిషయముగా తోచవచ్చును. అది ప్రాణము మీదికి వచ్చిన సందర్భ మొకటి చెప్పెదను.

2005వ సంవత్సరము మార్చి నెలలో ఇంగ్లండు దేశమున 37 ఏండ్ల యిల్లా లొకతె, ఇద్దరు బిడ్డల తల్లి, సైనసు బాధకై చిన్న ఆపరేషను చేయించుకొనుటకు ఆస్పత్రికి పోయెను. మత్తుమందు ఇచ్చిన పిమ్మట ఆమెకు ఊపిరి యాడు మార్గము చిక్కుపడెను. అనుభవము గల వైద్యులు మువ్వురు గొంతులోనికి గొట్టమును దింప మరల మరల యత్నించిరి. ఆ యత్నములో మునిగి యెంత కాలము గడచినదో వారెఱుగరైరి. అచ్చట నున్న నర్సొకతె, గొంతుకు ముందువైపున రంధ్రము చేసి ఊపిరి నందించుటకు వలయు పరికరములను తెచ్చి, ఇవి సిద్ధముగా నున్నవని చెప్పెను. ఎవరును చెవిని బెట్టలేదు. మఱియొక నర్సు ఐ.సీ.యూ.లో మంచము సిద్ధపఱుపుమని కబురు చేసి, ఆ సంగతి వైద్యులకు తెలిపెను. వారి ముఖములు చూచి, తాను తొందరపడితినేమో యని తలచి, ఆ మంచమును వలదని చెప్పివేసెను. 13 దినములకు ఆ యిల్లాలు మరణించెను. తరువాత జరిగిన విచారణలో తేలిన దేమనగా, చేయవలసిన దేమో ఆ నర్సులకు తెలిసియే యున్నది. పెద్దలతో దానిని ఎట్లు చెప్పవలెనో తెలియకపోయినది.

ఆమె భర్త విమానము నడుపు వృత్తివాడు. విమానములలో ప్రధాన చోదకుడు పొరపడుచుండగా ప్రక్కనున్న చిన్నవాడు నోరు మూసికొనరాదని, చెప్పుటయు వినుటయు ఇరువురకును కలిపి నేర్పుదురు. ఆ పద్ధతి ఎఱిగినవాడు గనుక, తన యింటి దీప మాఱిన దుఃఖములోను, వైద్యులను శిక్షింపుడని యడుగక, ఆస్పత్రులును ఇట్లు నేర్చుకొనవలెనని పాటుపడుచు వచ్చెను. ఆ గదిలో తెలివికి లోటు లేదు. పరికరములకు లోటు లేదు. తెలిసిన మాట ఒక నోటినుండి మఱియొక చెవికి చేరు దారి లేకపోయినది. ఆ దారిని ఆపద వచ్చిన గడియలో వేయుట సాధ్యము కాదు. చదువుకొను నాడే వేయవలెను.

మన పూర్వులు ఈ బాంధవ్యమును ఎఱుగనివారు కారు. చరకసంహితలో సూత్రస్థానమున తొమ్మిదవ యధ్యాయమునందు చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు. వైద్యునకు శాస్త్రజ్ఞానము, పలుమాఱు చికిత్సను చూచిన యనుభవము, దక్షత, శుచిత్వము కావలెను. పరిచారకునకు ఉపచారము నెఱిగి యుండుట, దక్షత, రోగియందు అనురాగము, శుచిత్వము కావలెను. ఈ రెండు పట్టికలను ప్రక్కప్రక్కల నుంచి చూడుడు. దక్షతయు శుచిత్వమును రెండింటను గలవు. నాలుగింట రెండు గుణము లిరువురకును ఉమ్మడి సొత్తు! ఉమ్మడి సొత్తును వేర్వేఱు గోడల నడుమ నేర్పనేల?

ఈ నలుగురిలో వైద్యుడే ప్రధానుడని చరకము చెప్పుచున్నది. దానిని దాచి మాటలాడుట న్యాయము గాదు. వంటవానికి కుండయు వంటచెఱకును నిప్పును ఎట్టివో, వైద్యునకు తక్కిన మూడు పాదములు నట్టివని యచ్చటి యుపమానము. వంటయింటి యుపమానము గనుక మనకు చక్కగా బోధపడును. ఎంతటి నేర్పరియైనను పగిలిన కుండతో పాయసము వండలేడు గదా! అయినను ఒక భేదము కలదు. కుండకు మూతియే గాని మాట లేదు. పరిచారికకు కన్నులు గలవు, తెలివి గలదు, మాట గలదు. రేయింబవళ్లు మంచము చెంత నుండునది యామెయే. రోగి పెదవులు నల్లబడుట, మాట తడబడుట, మూత్రము తగ్గుట మొదట గమనించునది యామెయే. ఆమె చూచినది వైద్యుని చెవికి చేరనిచో, పాయసము అడుగంటుచుండగా చూచిన మనిషి నోరు మెదపకున్నట్లే యగును.

ఈ మౌనము నిన్న నేడు పుట్టినది కాదు. 1854లో ఫ్లారెన్సు నైటింగేలు 38 మంది స్త్రీలను వెంటబెట్టుకొని క్రిమియా యుద్ధమున గాయపడిన సైనికుల సేవకై స్కుటారి చేరినప్పుడు, అచ్చటి సైనికవైద్యులు మొదట వారిని దగ్గఱకు రానీయలేదు. వైద్యులు కోరువఱకు ఎవరును రోగులను తాకరాదని ఆమెయే తన వారిని కట్టడి చేసి, ఓపికతో వేచియుండెను. గాయపడినవారు వెల్లువగా వచ్చి పడిన పిమ్మట గాని వారికి పిలుపు రాలేదు. 1860లో ఆమె పేర లండనులోని సెయింటు థామసు ఆస్పత్రియందు నర్సుల పాఠశాల వెలసెను. నర్సింగు ఒక చదువైన దాని గొప్పతనమంతయు ఆ పాఠశాలవంటి వానిదే. కాని చదువు వేఱుగా నెలకొన్నందున గోడయు వేఱుగా నెలకొనెను.

మన ప్రక్కనే, చిత్తూరు సీమ నానుకొని యున్న వేలూరిలో ఐడా స్కడ్డరు 1909లో నర్సుల శిక్షణమును, 1918లో స్త్రీలకు వైద్యపాఠశాలను ప్రారంభించెను. స్త్రీలకు పురుషవైద్యుల యెదుట నిలుచుటయే కష్టమైన ఆ కాలమున ఒకే సంస్థ నీడలో ఆడపిల్లలు వైద్యులుగను నర్సులుగను తయారగుట సామాన్యమైన సంగతి కాదు. అయినను ఒక నీడను నిలుచుట వేఱు, కలిసి చదువుట వేఱు. నేటికిని మన పెక్కు పట్టణములలో వైద్యకళాశాల, నర్సింగు కళాశాల, ఆస్పత్రి కూతవేటు దూరముననే యుండును; పిల్లలు మాత్రము ఒకరి నొకరు పలుకరించుకొనరు.

కలిసి చదువుట యనగా నేమి? ప్రపంచ ఆరోగ్యసంస్థ 1988లోనే ఈ విషయమున నివేదికను ప్రకటించెను. 2010లో మరల విపులముగా వ్రాసినది. దాని సారాంశ మేమనగా, రెండుగాని అంతకెక్కువగాని వృత్తులవారు ఒకరిని గూర్చి యొకరు, ఒకరి వలన నొకరు, ఒకరి తోడ నొకరు నేర్చుకొనవలెను. దానిచేత రోగికి మేలు కలుగవలెను. చిన్ననాడు వ్యాకరణము వల్లించిన వారికి ఇందు మూడు విభక్తులు కనబడును: గూర్చి, వలన, తోడ. రెండువందల మందిని ఒక పెద్దగదిలో కూర్చుండబెట్టి ఉపన్యాసము వినిపించినచో అది "తోడ" మాత్రమే యగును. నర్సు పని యేమి, దాని వెనుక నెంత శాస్త్రము కలదు అని వైద్యవిద్యార్థి తెలిసికొనుట "గూర్చి". ఆమె చేత చూపించుకొని నేర్చుకొనుట "వలన". ఈ రెండును లేని కలయిక సంతలో కలయికవంటిది.

స్వీడను దేశమున లిన్‌షోపింగు విశ్వవిద్యాలయమువారు 1986 నుండి ఈ పద్ధతిని నడుపుచున్నారు. 1996లో అచ్చట విద్యార్థుల చేతనే నడపబడు వార్డు నొకదానిని తెఱచిరి. వైద్యము, నర్సింగు, అంగవ్యాయామ చికిత్స మొదలగునవి చదువు పిల్లలు కొందఱు జట్టుగా చేరి నిజమైన రోగులను చూచుకొందురు. అనుభవజ్ఞులు వెనుక నిలిచి కనిపెట్టి యుందురు. ఇట్టి వార్డులలో రోగిని లేవనెత్తుట, ఒడలు తుడుచుట, అన్నము తినిపించుట మొదలైన పనులను వైద్యవిద్యార్థులును పంచుకొందురు. ఒక పూట రోగికి ఒడలు తుడిచిన పిల్లవాడు పడకపుండు ఎట్లు మొదలగునో పుస్తకము చూడకయే నేర్చుకొనును. ఆ పనిని చేయువారిని జన్మలో చులకన చేయడు. మా యింటివారు బడిపంతులు. ఒక బల్లమీది పిల్లలు పోట్లాడుకొనియైనను ఒకరి స్వభావ మొకరు ఎఱుగుదురని వారు చెప్పుచుందురు. బల్లలు మార్చినంతనే బడి సగము బాగుపడునట! పెద్దచదువులకును ఈ మాట చెల్లునని నా తలంపు.

ఇక కలిసి నేర్చుకొనవలసిన వానిలో ముఖ్యమైనది మాట చెప్పు పద్ధతి. అమెరికా నౌకాదళమున పుట్టి ఆస్పత్రులకు వచ్చిన పద్ధతి యొకటి కలదు. దానికి నాలుగు మెట్లు: ఇప్పుడేమి జరుగుచున్నది, ఇంతకు ముందేమి జరిగినది, నాకేమని తోచుచున్నది, ఏమి చేయవలెనని కోరుచున్నాను. ఒక యుదాహరణము చెప్పెదను. కాన్పైన స్త్రీకి రక్తము ఆగకున్నదనుకొనుడు. మాట నేర్వని నర్సు ఫోనులో "అయ్యా, మూడవ మంచము ఆమె కొంచెము నీరసముగా నున్నది, వీలైనప్పుడు చూచెదరా?" యనును. నిద్రమబ్బులో నున్న డాక్టరు "తెల్లవారి చూతము" అనును. నేర్చిన నర్సు ఇట్లనును: "కాన్పైన స్త్రీకి రక్తస్రావము హెచ్చుగా నున్నది. కాన్పై రెండు గంటలైనది, అప్పటినుండి తగ్గలేదు. నాడి నిమిషమునకు 120. రక్తపుపోటు పైయంకె 90కి దిగినది. ఇది కాన్పు పిమ్మట వచ్చు ప్రమాదకరమైన రక్తస్రావమని నాకు తోచుచున్నది. మీరు తక్షణమే రావలెను. ఈలోపల నేనేమి మొదలిడవలెను?" రెండు మాటలకును నడుమ నున్న భేదము ఒక తల్లి ప్రాణము.

అట్లే డాక్టరు ఫోనులో మందు చెప్పినప్పుడు నర్సు దాని పేరును మోతాదును మరల చదివి వినిపింపవలెను. డాక్టరు విని ఔననవలెను. "ఫిఫ్టీను" అన్నది "ఫిఫ్టీ"గా వినబడుట యెంత సేపు? మరల చదువు నర్సును చూచి విసుగుకొను డాక్టరు పాఠము సగమే నేర్చినవాడు. చెప్పుటవలెనే వినుటయు నేర్వవలసిన విద్య. ఊపిరి తీయు బొమ్మను మంచముపై పరుండబెట్టి, రెండు కళాశాలల పిల్లలను చేర్చి, ఆపదను కల్పించి ఈ పాఠమును నేర్పవచ్చును. అచ్చట తప్పు జరిగినచో బొమ్మయే చచ్చును.

ఇందువలన నిజముగా మేలు కలిగినదా యని మీ రడుగవచ్చును. అమెరికాలో మిచిగను రాష్ట్రమున నూఱుకు పైబడిన ఐ.సీ.యూ. వార్డులలో, రోగి పెద్ద రక్తనాళమున గొట్టము పెట్టునప్పుడు చేతులు కడుగుకొనుట మొదలుగా అయిదు నియమములను పాటింప మొదలిడిరి. డాక్టరు ఒక నియమమును దాటినచో నర్సు ఆ పనిని ఆపివేయవచ్చునని అధికార మిచ్చిరి. గొట్టము పెట్టియుంచిన వేయి దినములకు సగటున 7.7గా నున్న రక్తపు అంటు, ఏడాదిన్నరలో 1.4కు దిగెను. ఈ సంగతి 2006లో ప్రకటితమైనది. చరకము చెప్పిన శుచిత్వమునకు ఇంతకంటె సాక్ష్యమేమి? శుచిత్వము ఇరువురి సొత్తు గనుక, ఒకరు మఱచినప్పుడు మఱియొకరు జ్ఞాపకము చేసిరి.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2008లో ఆపరేషను గదులకొక చిట్టాను సిద్ధపఱచినది. కోతకు ముందు ఆ గదిలోని వారందఱును తమ పేరును పనియును చెప్పుకొనవలెనన్నది అందలి నియమములలో నొకటి. ఢిల్లీ మొదలుగా ఎనిమిది నగరముల ఆస్పత్రులలో దానిని పరీక్షింపగా, మరణములు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గెనని 2009లో తేలెను. అయితే కెనడా దేశమున ఒంటారియో రాష్ట్రములోని 101 ఆస్పత్రులలో ఆ చిట్టాను ప్రవేశపెట్టగా, మరణములలో చెప్పుకొనదగిన మార్పు కనబడలేదని 2014లో ప్రకటించిరి. వ్రతకల్పము చేతబట్టినంత మాత్రమున వ్రతఫలము రాదు గదా! కలిసి నేర్చుకొనుటను గూర్చియు 2013లో 15 పరిశోధనలను కూర్చి చూచినప్పుడు, ఏడింట మేలును, నాలుగింట మిశ్రమఫలమును, నాలుగింట ఫలములేమియు కనబడెను. కావున ఇది సర్వరోగనివారిణి యని నేను చెప్పను. చక్కగా నేర్పినచోట ఫలించును; మ్రొక్కుబడికి నేర్పినచోట మ్రొక్కుబడిగనే మిగులును.

"అందఱును మాటలాడినచో నిర్ణయ మెవరిది? పదిమంది చేతులు పడిన పులుసు రుచించునా?" యని కొందఱు శంకింతురు. నిర్ణయము వైద్యునిదే కావచ్చును. కాని నిర్ణయించు వానికి చూచినవారి మాట చేరవలెను. ఇంటి యజమానురాలు పెద్దకోడలైనంత మాత్రమున, పొయ్యివద్ద చీర కొంగు అంటుకొనుచుండగా చిన్నకోడలు అనుమతికై వేచియుండునా? ఇంకొక కష్టము కాలవ్యవధి. రెండు కళాశాలల వేళలు కలియవు, పరీక్షలు కలియవు, పిల్లల సంఖ్య సమానము గాదు, కలిపి నేర్పగల గురువులు తక్కువ. ఇవి నిజమైన కష్టములే. అన్ని పాఠములను కలుపనక్కఱలేదు. చేతులు కడుగుట, రోగిని కదలించుట, మోతాదు లెక్క, ఆగిన గుండెను మరల ఆడించుట, ఒక పూటవారు మఱియొక పూటవారికి రోగిని అప్పగించుట: ఈ కొన్నింటితో మొదలిడిన చాలును.

మన దేశమున 2019లో వైద్యవిద్యకు క్రొత్త పాఠ్యక్రమము వచ్చినది. వైద్యుడు కావలసినవానికి అందు ఐదు పాత్రలు చెప్పబడినవి. ఆరోగ్యసేవ చేయు జట్టునకు నాయకుడుగను, ఆ జట్టులో నొకడుగను ఉండగలుగుట వానిలో నొకటి. "నాయకుడు" అన్న మాట అందఱి చెవులకును ఇంపుగా వినబడును. "ఆ జట్టులో నొకడు" అన్న మాటయే ఇంకను నేర్వవలసి యున్నది.

సోదరీమణులారా, కళాశాలలు చేయవలసినది చెప్పితిని. మన యిండ్లలో జరుగవలసినది ఇంకను మిగిలియున్నది. డాక్టరు రాగానే లేచి చేతులు జోడించుచున్నాము. నర్సు రాగానే "ఇంత ఆలస్యమా" యని గద్దించుచున్నాము. పెండ్లి సంబంధములు చూచునప్పుడు "నర్సా?" యని పెదవి విఱచుచున్నాము. మన పిల్లలు మన ముఖములు చూచి నేర్చుకొందురు. చిన్నచూపు చూడబడిన మనిషి గొంతు ఆపత్కాలమున పెగలదు. ఆనాడు మంచముమీద నున్నది మన బిడ్డయే కావచ్చును. కావున వైద్యమో నర్సింగో చదువుచున్న బిడ్డ గల తల్లి, సెలవులకు వచ్చినప్పుడు "ఆ రెండవ కళాశాలలో నీ కెవరు స్నేహితులు? వారివద్ద నేమి నేర్చితివి?" యని యడుగవలెను.

రోగికి చరకము చెప్పిన నాలుగు గుణములలో తన బాధను తెలియజెప్పగలుగుట యొకటి. పసిపిల్లల విషయమున ఆ గుణము తల్లికి కావలెను. పై చెప్పిన నాలుగు మెట్లను ఒక కాగితముపై వ్రాసి కాలెండరు ప్రక్కన అంటించుకొనుడు. బిడ్డకు విరేచనములు పట్టినచో, ఇప్పుడెట్లున్నాడు, ఎప్పటినుండి ఎన్ని సారులైనవి, మూత్ర మెప్పుడు పోసినాడు, ఏ మందు ఎంత యిచ్చితిమి, మనకేమి భయముగా నున్నది, ఏమి కావలెను అని ఆ వరుసలో చెప్పుడు. వార్డులో చేరినచో ఆ రాత్రి చూచు నర్సు పేరు అడిగి తెలిసికొనుడు. ఆమె మందిచ్చుటకు ముందు బిడ్డ పేరును మరల మరల అడిగినచో విసుగుకొనకుడు. ఆమె చేయుచున్నది తన పని; ఆ పని జరుగుచున్నందుకు సంతోషింపుడు.